రెండు జేబుల చొక్కా

మాట రాని మనిషి దగ్గర నుంచి ఫోన్ వస్తే ఎవరైనా కంగారు పడతారు. నేను విసుక్కున్నాను.

అన్నయ్యకు గొంతు ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశాక అతని నంబరు నుంచి ఫోన్ రావడం అదే మొదటిసారి. ఏ పనున్నా వదినే చేసేది. అప్పుడు నేను మా కంప్యూటర్ రిపేరు షాపులో ఒక ల్యాప్‌టాప్ పొట్ట విప్పుకుని కూర్చున్నాను. దాని యజమాని తన ప్రాణమే నా చేతిలో ఉన్నట్టు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఫోన్ ఎత్తితే అవతల మాట లేదు. టిక్. కాస్త ఆగి మళ్లీ టిక్, టిక్.

మా అన్నయ్య డ్రైవింగ్ నేర్పుతాడు. గొంతున్న రోజుల్లో అతను కారులో "బ్రేక్!" అని అరిస్తే పక్క వీధిలో వాళ్లు కూడా బ్రేకు వేసేవాళ్లని మేము ఏడిపించేవాళ్లం. ఇప్పుడు వేలి ఉంగరంతో డాష్‌బోర్డు మీద కొట్టి నేర్పుతున్నాడు. ఒకసారి కొడితే పోనివ్వు, రెండుసార్లు కొడితే ఆపు. ఇంట్లోనూ అదే భాష. అవునంటే ఒకటి, కాదంటే రెండు. పెళ్లైన నాటి నుంచి వదినను "ఏమోయ్" అని పిలిచిన మనిషి ఇప్పుడు గోడ మీద టకటకలాడిస్తాడు. "తలుపు కొట్టినట్టుంటుంది, ఎవరొచ్చారా అని వెళ్లి చూస్తాను" అని వదిన ఒకసారి నవ్వుతూ చెప్పి, వెంటనే మాట మార్చేసింది.

అందుకే ఆ టిక్కుటిక్కులు విని నన్ను ఆట పట్టిస్తున్నాడనుకున్నాను.

"అన్నయ్యా, ఇక్కడ ఊపిరాడని పని. ఆటలు తర్వాత," అని కసిరాను. చిన్నప్పుడే నాకు 'హారన్' అని పేరు పెట్టినవాడు అతనే. ఊరికే పెట్టలేదు.

ఉంగరం చప్పుడు గట్టిగా రెండుసార్లు వినిపించింది. కాదట. దాని వెనకే ఇందాకటి టిక్కు విడిగా, ఏదో పెట్టెలోంచి వచ్చింది. నా చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాను. అది నేను వారం వారం వినే చప్పుడే. ఎప్పుడూ ఎవరి ఇంటిదో అయ్యేది. ఈసారి మా ఇంటిది.

ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. "రోజూ వాడే మాటలన్నీ ఇప్పుడే రికార్డు చేసి పెట్టుకోండి. పుండు మానాక చేతిలో పట్టే ఒక ట్యాబ్ ఇస్తాం. దాని మీద వేలితో నొక్కితే మీ మాట మీ గొంతుతోనే వినిపిస్తుంది." అన్నయ్య ముందు గది తలుపేసుకుని, బొంగురుపోయిన గొంతుతోనే రోజుల తరబడి చెప్పుకుంటూ పోయాడు. ఆ మాటలన్నీ ఆ గదిలోనే ఉన్న డ్రైవింగ్ స్కూలు పాత కంప్యూటర్లో ఉన్నాయి. ట్యాబ్ ఇంకా రాలేదు. ఆ కంప్యూటర్ పోతే మళ్లీ చెప్పించుకుందామన్నా చెప్పే గొంతు లేదు.

"ముందు ఫ్యానేమో చూద్దాం. పెట్టె మీద చెయ్యి పెట్టు. గుయ్యిమని ఒకే తీరుగా మోగుతోందా?"

రెండు.

"ఆగి ఆగి, పిట్ట ముక్కుతో పొడిచినట్టు వస్తోందా?"

ఒకటి.

"చప్పుడొచ్చినప్పుడల్లా తెర మీద బాణం కదలకుండా బిగుసుకుపోతోందా?"

కొంచెం సేపు ఏమీ లేదు. చూస్తున్నాడన్నమాట. తర్వాత ఒకటి, మెల్లగా.

ఫ్యానైతే దుమ్ము దులిపితే పోయేది. ఇది హార్డ్ డిస్కు. లోపల తిరిగే పళ్లెం మీద చదివే ముల్లు, తనకు కావలసిన చోటు దొరక్క వెనక్కి వెళ్లి కొట్టుకుంటోంది.

"ఏ ఫైలూ తెరవకు. ఇప్పుడే ఆపెయ్. నేనొచ్చేదాకా మళ్లీ వెయ్యకు."

ఒకటి.

ల్యాప్‌టాప్ యజమానికి దణ్ణం పెట్టి "మా అన్నయ్య గొంతు పోయేలా ఉందండీ" అన్నాను. ఆయన ఆసుపత్రి సంగతనుకున్నాడు. "ముందు మనిషమ్మా, నా మిషను ఎక్కడికి పోతుంది, వెళ్లు" అన్నాడు. ఆయన చల్లగా ఉండాలి.

నేను చెమటలు కక్కుతూ వెళ్లేసరికి వదిన నింపాదిగా గిన్నెలు తోముతోంది. "కంగారెందుకే? నువ్వు చెప్పినట్టే రెండో కాపీ పెట్టాగా," అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఎక్కడ పెట్టావు?"

"అందులోనే. పక్కనే ఇంకో ఫోల్డర్ చేసి దానికి నా పేరు పెట్టుకున్నా."

వచ్చిన ప్రాణం వచ్చిన దారినే పోయింది.

"వదినా! చొక్కాకి రెండు జేబులుంటే ఏం లాభం? చొక్కాయే పోతే రెండూ పోవా?"

"రెండు కాపీలు పెట్టమన్నావ్, పెట్టా. ఎక్కడ పెట్టాలో చెప్పావా?"

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ పూట నేను పూర్తి మొగుణ్ని మించి అరిచాను. వదిన కూడా తక్కువ తినలేదు. అన్నయ్య బల్ల మీద ఉంగరంతో రెండు దెబ్బలు వేశాడు. ఇద్దరం నోరు మూశాం.

డిస్కు ఊడదీసి, వైరుతో నా ల్యాప్‌టాప్‌కు తగిలించాను. ఒకసారి ఆగిన డిస్కు మళ్లీ తిరుగుతుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. వెయ్యమంటావా అన్నట్టు అన్నయ్య వైపు చూశాను. ఉంగరం ఒకసారి మోగింది.

తిరిగింది. టిక్. టిక్. నా గుండె దానికి తాళం వేసింది. తర్వాత చప్పుడు సర్దుకుని, తెర మీద డిస్కు పేరు వచ్చింది. తన ఒంట్లో ఎలా ఉందో డిస్కు తానే చెప్పుకునే లెక్క ఒకటుంటుంది. అందులో చెడిపోయిన చోట్లు నేను చూస్తుండగానే పెరుగుతున్నాయి. పూర్తి పరీక్ష పెడితే రోగమంతా బయటపడుతుంది గానీ, ఆ పరీక్షకే ప్రాణం పోతుంది. ముందు గొంతు, ఆ తర్వాతే రోగం. కాపీ మొదలుపెట్టాను.

ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే దిగుతున్నాయి. నీళ్లు. నొప్పిగా ఉంది. క్లచ్ మెల్లగా వదులు. హారన్ ఇక ఊరుకో. అది చూసి నవ్వాను, కళ్లు తుడుచుకున్నాను. రేపు గొంతు లేకపోయినా నన్ను తిట్టడం మానకూడదనుకున్న అన్నయ్య ఎంతమందికి ఉంటాడు?

ఒక పేరు దగ్గర కాపీ ఆగిపోయింది. టిక్. టిక్. టిక్. చదవలేకపోతున్నానని తెర మీద వచ్చింది. మళ్లీ ప్రయత్నించాను. అదే జవాబు. ఆ ఫైలు పేరు 'ఏమోయ్'.

వదిన నా వెనక నిలబడి చదివింది. వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పింది.

దాన్ని వదిలేసి మిగతావి లాగాను. ఇంకో నాలుగైదు కూడా అలాగే మొరాయించాయి. ఇక చేసేదేమీ లేదని చేతులు ఒళ్లో పెట్టుకున్నప్పుడు, పక్కన వదిన పేరున్న ఫోల్డర్ కనిపించింది. అవే మాటలు. కానీ పళ్లెం మీద వేరే చోట రాసినవి. ఇంత సేపూ నేను వెక్కిరించిన ఫోల్డర్! అందులోని 'ఏమోయ్' ఎంచుకున్నాను. కళ్లు మూసి తెరిచేలోగా నా ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసింది. మొరాయించిన మిగతావీ అక్కడి నుంచే వచ్చాయి. చొక్కా చిరిగిన మాట నిజమే. చిల్లు పడింది మాత్రం ఒక్క జేబుకే.

వెంటనే వాటిని పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించాను. ఇక పెళ్లి ఫొటోలు తీద్దామని చూసేసరికి డిస్కు గుటుక్కుమంది. పోనీ. ఫొటోలు ఎలాగూ గోడ మీదా, ఆల్బమ్‌లోనూ ఉన్నాయి. అంతవరకు ఆగినందుకు ఆ డిస్కుకూ మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

ల్యాప్‌టాప్ అన్నయ్య వైపు తిప్పి "నువ్వే నొక్కు" అన్నాను. ఆపరేషన్ తర్వాత అతను తన గొంతు తాను వినలేదు. కాసేపు వేలు గాల్లోనే ఉంచాడు. తర్వాత నొక్కాడు.

"ఏమోయ్, ఎక్కడున్నావ్?"

బొంగురుగా, కాస్త విసుగ్గా, అచ్చం అన్నయ్యే.

"వస్తున్నా ఉండండీ, చెయ్యి ఖాళీ లేదు!" వంటగదిలోంచి అంతే విసుగ్గా జవాబొచ్చింది.

తర్వాత కుళాయి ఆగిపోయింది. గిన్నెల చప్పుడు ఆగిపోయింది. వదిన తడి చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

నేను లేచి వెళ్లి ఆ తడి చేతులు పట్టుకున్నాను. "నీకు రుణపడి ఉంటాను వదినా. నువ్వు నా మాట అలా తప్పుగా అర్థం చేసుకున్నావు కాబట్టే ఇవాళ అన్నయ్య గొంతు మిగిలింది," అన్నాను. నా మాట ఆవిడ చెవిన పడిందో లేదో తెలియదు. నా భుజం మీదుగా అన్నయ్యనే చూస్తోంది.

"ఇంకోసారి పిలవండి," అంది.

అన్నయ్య బల్ల మీద ఉంగరంతో ఒక్కసారి కొట్టి, మళ్లీ నొక్కాడు.