మిగిలిన మూర

గోమతి తన పెరట్లో పూసిన పూలను ఏనాడూ అమ్మలేదు. కోయంబత్తూరులో మిల్లువాళ్లు కట్టించిన లైనిళ్ల వెనక, గిన్నెలు కడిగిన నీళ్లు పారే జాగాలో గుండుమల్లి, కనకాంబరం వేసింది. పాత కిరసనాయిలు డబ్బాల్లో మరువం, దవనం పెంచింది. ఆ వీధిలో తెలుగువాళ్లింట శుభకార్యమంటే పూలజడ ఆమె కుట్టాల్సిందే. అరటిదొప్పను జడ పొడవుకు కోసి, దానిమీద మొగ్గలను సూదితో వరసగా కుట్టి, అంచులకు మరువం పెట్టేది. కూలి అడిగేది కాదు. బాగుందంటే చాలు. ఆ ఒక్క మాట కోసం పిలవని ఇంటికి కూడా పోతుందని ఆమె భర్త అనేవాడు.

ఎదురింటి లక్ష్మమ్మాళ్ పెద్దకూతురు కడుపుతో ఉంటే గాజులు తొడిగే వేడుక చేశారు. ఆ జడ కూడా గోమతే కుట్టింది. మొగ్గలు మిగిలితే వాటిలో మరువం కలిపి మూరెడు దండ కట్టింది. లక్ష్మమ్మాళ్ చిన్నకూతురు అంజలమ్మ అందరికీ తాంబూలం పళ్లేలు అందిస్తోంది. మిల్లులో నూలు చుట్టే రీలింగు పని చేసే పిల్ల, షిఫ్టు దిగి నేరుగా వచ్చింది. తలలో పూలు లేవు. గోమతి ఆ పిల్లను పిలిచి కూర్చోబెట్టి, మిగిలిన మూర తన చేత్తో జడలో పెట్టింది. కుంకుమ గిన్నె పక్కనే ఉంటే బొట్టు కూడా పెట్టింది.

పెళ్లికాని కొడుకున్న తల్లి, పెళ్లికాని పిల్లకు పదిమంది ఎదుట పూలూ బొట్టూ పెట్టిందంటే ఆ పిల్లను కోడలిగా అడిగినట్టే. ఆ తర్వాత పిల్ల తరఫువాళ్లు మరో సంబంధం చూడరు. అది తమిళుల ఆచారం. తరతరాలుగా వాళ్ల మధ్య బతుకుతున్న తెలుగువాళ్లకూ అదే ఆచారమైంది. దాన్ని ‘పూ పెట్టేది’ అంటారు.

ముందుగా చూసింది పక్కింటి వీరాయి.

“ఏం గోమతక్కా, సందట్లో సందడిగా మీ చెన్నకేశవనుకు పూ పెట్టేస్తివే,” అంది.

ఆడవాళ్లు నవ్వారు. గోమతి కూడా నవ్వింది. కాదని ఒక్క మాట అంటే అక్కడితో పోయేది. కానీ అప్పుడే అందరూ జడను మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పు మధ్యలో కాదనడానికి నోరు రాలేదు. పైగా, అంజలమ్మ కోడలైతే ఎలా ఉంటుందోనన్న ఆలోచన ఆ కాసేపూ ఆమెకు బాగానే ఉంది. ఆండిపట్టిలో ఉన్న తన అన్న కూతుర్ని కొడుకు చెన్నకేశవన్‌కు చేసుకుంటానని ఆమె అంతకుముందే మాట ఇచ్చింది. ఆ సంగతి వీధిలో ఎవరికీ తెలియదు.

తర్వాత ఎదురింటి పలకరింపులు మారాయి. లక్ష్మమ్మాళ్ పండగ కాకపోయినా పలహారం పంపేది. అంజలమ్మ ఎదురుపడితే సిగ్గుతో పక్కకు తప్పుకునేది. గోమతి గమనించింది. గమనించనట్టు ఉండిపోయింది.

ఒకరోజు కొళాయి దగ్గర వీరాయే చెప్పింది. కారమడై నుంచి అంజలమ్మకు సంబంధం వచ్చిందట. బావీ, తోటా ఉన్నవాళ్లట. పిల్లకు పూ పెట్టేశారని చెప్పి తండ్రి వాళ్లను పంపేశాడట.

గోమతి నేరుగా ఇంటికి పోయింది. భర్తకు అంతా చెప్పింది. అన్నకు ఇచ్చిన మాట వెనక్కి తీసుకుందామా అని అడిగింది. అక్కడున్నదీ ఆడపిల్లే కదా అన్నాడు అతను. కారమడైకి బస్సులో పోయి, తప్పు తమదని చెప్పబోయాడు. వాళ్లు అప్పటికే వేరే చోట ఖాయం చేసుకున్నారు. ఇక లక్ష్మమ్మాళ్‌కు చెప్పాల్సింది నువ్వేనని భార్యతో అన్నాడు.

గోమతి వెళ్లేసరికి లక్ష్మమ్మాళ్ చేటలో బియ్యం ఏరుతోంది. అంజలమ్మ మిల్లుకు పోవడానికి తల దువ్వుకుంటోంది.

“వదినే, ఆ పొద్దు నేను పూ పెట్టలేదు,” అంది గోమతి. “మిగిలిన పూలు పిల్ల తలలో పెడితిని, అంతే.”

లక్ష్మమ్మాళ్ చెయ్యి ఆగింది. “ఈ మాట ఆ పొద్దే చెప్పేదానికేమి?”

అంజలమ్మ ఇటు తిరగలేదు. “మీరు నవ్వినారే అత్తా,” అంది. “మీరు నవ్వినందుకే నేను నిజమనుకుంటిని.”

గోమతి ఆండిపట్టి సంగతి చెప్పింది. భర్త కారమడైకి పోయి వచ్చిన సంగతి కూడా చెప్పింది. ఏం చేస్తే ఈ తప్పు తీరుతుందని అడిగింది. లక్ష్మమ్మాళ్ తిట్టలేదు. తిడుతుందనే గోమతి వచ్చింది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

“పూ పెట్టినోళ్లే వద్దనిరంటే మా పిల్లను ఇంకెవురూ అడగరు,” అంది లక్ష్మమ్మాళ్ చివరికి. “మేమే మీ పిల్లోణ్ణి వద్దంటిమని చెప్తాము. నువ్వు కాదనగూడదు.”

“సరి.”

“ఎందుకు వద్దంటిరని అడుగుతారు. తాగుతాడని చెప్తాము.”

చెన్నకేశవన్ తాగడు. అది లక్ష్మమ్మాళ్‌కూ తెలుసు.

“సరి వదినే,” అంది గోమతి.

మాట కొళాయి దగ్గరికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. మర్నాడు పొద్దున గోమతి పోయేసరికి ఆడవాళ్లు మాటలు ఆపేశారు. అంజలమ్మ బిందె కొళాయి కింద ఉంది.

“ఏందక్కా, చెన్నకేశవన్ తాగుతాడంట?” అంది వీరాయి. “అది తెలిసే వీళ్లు వద్దనిరంట. నిజమేనా? రేపు మీవోడికి పిల్లనిచ్చేవోళ్లు ఎవురైనా వచ్చి అడిగితే మేమేమని చెప్పాల?”

అంజలమ్మ బిందె నిండి నీళ్లు పొర్లాయి. ఆ పిల్ల బిందె జరపలేదు. గోమతి నోటి నుంచి వచ్చే మాట కోసం చూస్తోంది.

“అవును వీరాయీ, తాగుతాడు,” అంది గోమతి. ఎప్పుడో ఒకసారి అని చేర్చబోయింది. చేర్చలేదు.

అంజలమ్మ బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. గోమతి తన బిందె కొళాయి కింద పెట్టింది. మిల్లు సైరన్ మోగి చెన్నకేశవన్ పనికి పోయేలోగా ఈ సంగతి తనే చెప్పాలి. అతనికి ఇంకా ఏమీ తెలియదు.