గేటు కన్నా ముందు ల్యాంపు

రాయమల్లు మొదటి షిఫ్టు ముగించుకుని, మొహం మీది బొగ్గుమసి కూడా కడుక్కోకుండా నేరుగా కంప్యూటర్ సెక్షన్‌కి వచ్చాడు. తలుపు దగ్గర బూట్లు విడిచాడు. హెల్మెట్ చంకలో పెట్టుకుని యమున టేబుల్ ముందు నిలబడ్డాడు.

"బిడ్డా, నేను గేట్ల అడుగు పెట్టకముందుకే ల్యాంపు తీస్కున్ననట! గిదేం మాయ?"

"కూసో కాక. ముందు నీళ్లు తాగు."

"నీళ్లు తర్వాత. ఇరవై ఆరేండ్ల సర్వీసుల ఒక్క నాగా లేదు నాకు. ఈ రెండు నెలల్ల మూడు పడ్డయి. పని చేసి నాగా పడుడు ఎక్కడన్న ఉన్నదా?"

యమున తండ్రి మొగిలి, రాయమల్లు ఒకే గనిలో ఒకే రిలేలో, అంటే ఒకే షిఫ్టు జట్టులో, పదిహేనేళ్లు పనిచేశారు. మొగిలి రిటైరయ్యాడు. రాయమల్లు ఇంకా టింబర్‌మన్‌గానే ఉన్నాడు. భూమి లోపల కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని. యమున గోదావరిఖనిలోనే పుట్టి పెరిగింది. కరీంనగర్‌లో ఎంసీఏ చదివి, బొగ్గు కంపెనీ కంప్యూటర్ సెక్షన్‌లో చేరి ఆరేళ్లయింది.

గనికి వచ్చే ప్రతి కార్మికుడూ ముందు గేటు దగ్గర కార్డు గీకాలి. తర్వాత టోపీకి పెట్టుకునే ల్యాంపు తీసుకునేటప్పుడు ల్యాంప్‌రూమ్‌లో మళ్లీ గీకాలి. ఆ రెండు గీతలూ సెక్షన్‌లోని సర్వర్‌కి చేరతాయి, అది టైము వేస్తుంది. గేటు ముందు, ల్యాంపు తర్వాత ఉంటేనే హాజరు. వరస తప్పిందంటే నాగా.

ఆ సర్వర్‌లో పాత ఆపరేటింగ్ సిస్టం తీసేసి లినక్స్ పెట్టింది యమునే, ముందటేడు. అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదని, లోపల రాసిందంతా ఎవరైనా తెరిచి చదవచ్చని, తప్పుంటే దిద్ది పంపవచ్చని పైవాళ్లకి నచ్చజెప్పి మరీ పెట్టించింది. 2008 ఎండాకాలంలో దాని కొత్త వెర్షన్ వేశాక ఈ నాగాలు మొదలై, ఆ మాటే ఆమె మెడకి చుట్టుకుంది.

సెక్షన్ పెద్ద ఉమామహేశ్వర్ తన గదిలోంచి బయటికి వచ్చాడు. మంథని మనిషి. ఉతికిన తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, గొంతు ఎప్పుడూ లేవదు.

"యమునా, ఈయనతో పద్దెనిమిది మంది అయిన్రు. పైనుంచి పాతదే పెట్టమంటున్నరు. నెల రోజులు ఆగమని అడిగిన. అంతకంటె ఆపలేనమ్మా."

"షిఫ్టు మారేటప్పుడు గుంపు ఎక్కువైతది సార్. మిషను తట్టుకుంటలేదనుకుంట. మెమరీ పెంచిన, అయినా..."

"గుంపా?" అన్నాడు రాయమల్లు. "గుంపుల వచ్చినోళ్లకు ఏం గాలె బిడ్డా. నేను ఆరున్నరకే వస్త, గేటు కాడ కుక్క గూడ ఉండది గప్పుడు. నాకైంది. కొమురెల్లి గూడ నాలెక్కనే జల్ది వస్తడు, ఆనికైంది. ఏడింటికి ఉరుక్కుంట వచ్చెటోళ్లకు ఎవ్వలికీ గాలె."

యమున చేతిలో పెన్ను ఆగిపోయింది. రెండు నెలలుగా ఆమె వెతుకుతున్నదంతా గుంపులోనే. వెంటనే పద్దెనిమిది పేర్లూ తీసి టైములు చూసింది. ఒక్కటి కూడా రద్దీ వేళది కాదు. అందరూ ఒంటరిగా, ముందుగా వచ్చినవాళ్లే.

"కాక, రెండు నెలల నుంచి నేను కండ్లు మూసుకుని తిరుగుతున్న," అంది.

"నువ్వేం జేస్తవు? ఆఫీసుల కూసుంటె గేటు కనవడదు గద," అన్నాడు రాయమల్లు, అప్పుడు నీళ్లు తాగుతూ.

మర్నాడు ఆరింటికే యమున సెక్షన్ తెరిచింది. ఆ సర్వర్‌లో రెండు ప్రాసెసర్లున్నాయి. ఒక్కోదానికీ లోపల సొంత గడియారం ఉంటుంది. రెండింటినీ విడివిడిగా టైము అడిగే చిన్న ప్రోగ్రాం రాసి నడిపింది. మొదట రెండూ ఒకటే చెప్పాయి. ఆరుంబావుకి రెండో ప్రాసెసర్ ఆరు సెకన్లు వెనక ఉంది. ఆరున్నరకి రెండు నిమిషాలు వెనక. ఏడు కొట్టేసరికి గేటు దగ్గర జనం కిటకిటలాడారు, రెండు ప్రాసెసర్లూ పనిలో పడ్డాయి, కాసేపటికి సిస్టం రెండు గడియారాలనూ సమం చేసింది. ఏమీ ఎరగనట్టు రెండూ ఒకే టైము చూపించాయి.

యమునకి పెద్దగా నవ్వొచ్చింది. పని లేనప్పుడు కరెంటు ఆదా కోసం రెండో ప్రాసెసర్ కునుకు తీస్తోంది, దాంతోపాటు దాని గడియారం కూడా నెమ్మదిస్తోంది. రాయమల్లు గేటు గీత ఒకదానికి, ల్యాంపు గీత రెండోదానికి పోతే ఇంకేముంది! కునికేవాడిని నమ్మి లినక్స్ టైము వేస్తోంది.

తప్పు దొరికాక దిద్దడం సులువే అనుకుంది. లినక్స్ లోపల టైము చెప్పే భాగం తెరిచి వారం రోజులు చదివింది. ఎవరు టైము అడిగినా రెండు గడియారాలనూ పోల్చి, ముందున్నదే చెప్పేలా నలభై వరసలు రాసింది. సెక్షన్‌లో పక్కన పెట్టిన పాత సర్వర్ మీద నడిపితే చక్కగా పనిచేసింది. తన ఒక్క సర్వర్ దిద్దుకుని ఊరుకోవచ్చు. కానీ ఇలాంటి సర్వర్ ఇంకెన్ని చోట్ల ఉందో! లినక్స్ రాసేవాళ్లందరూ చూసే మెయిలింగ్ లిస్టుకి పంపాలనుకుంది.

ఉత్తరం ఇంగ్లీషులో రాయాలి. యమునకి చదవడం బాగానే వచ్చు గానీ రాయడమంటే జంకు. ఉమామహేశ్వర్ ఉత్సాహంగా పెన్ను తీశాడు. ఆమె రాసిన ఆరు వాక్యాలను పదిహేను చేశాడు. చివర 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' అని చేర్చాడు.

"సార్, వాళ్లు గిట్ల రాయరు."

"మర్యాద ఎక్కడైనా మర్యాదనే అమ్మా. పంపు."

రెండో రోజు జవాబు వచ్చింది. లినక్స్‌లో టైము భాగం చూసుకునే పెద్దమనిషి ఎక్కడో చలిదేశంలో ఉంటాడు. మొహమాటం లేని మనిషి. తప్పు కనిపెట్టిన తీరు బాగుందన్నాడు. దిద్దిన తీరు మాత్రం పనికిరాదన్నాడు. పెద్ద సర్వర్లు సెకనుకి లక్షలసార్లు టైము అడుగుతాయి, అడిగిన ప్రతిసారీ పోల్చుకుంటూ కూర్చుంటే ప్రపంచంలో ఉన్న సర్వర్లన్నీ నత్తలైపోతాయి, ఒక్క గని కోసం అందరినీ ఆపలేం అన్నాడు. అడుగున ఒక ప్రశ్న కూడా వేశాడు: 'ఇంతకీ ఆ నీడ్‌ఫుల్ అనే ఫంక్షన్ ఏ ఫైల్లో ఉంది?'

ఉమామహేశ్వర్ అది రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇంక నుంచి నువ్వే రాయి," అన్నాడు.

యమునకి మాత్రం నవ్వు రాలేదు. అంతమంది ముందు కాదనిపించుకున్నందుకు మనసు చివుక్కుమంది. పెద్దమనిషి చెప్పింది నిజం కాబట్టి మరీ బాధేసింది. ఆదివారం పొద్దున ఇంటి ముందు నవారు మంచం మీద దిగులుగా కూర్చుంటే, తల్లి సారవ్వ చాయ్ తెచ్చి ఇచ్చింది. మొగిలి ఏమైందని అడిగాడు. యమున ఉన్నదున్నట్టు చెప్పింది.

మొగిలికి కంప్యూటర్ సంగతి ఏమీ తెలియదు. అయినా మొత్తం విన్నాడు.

"మావోళ్లు నడుస్తున్న షిఫ్టుల గడియకోసారి కప్పును కొట్టి చూసుకుంట కూసుంటె బొగ్గెవడు తీస్తడే? సెలవొచ్చి గని రెండు దినాలు పండుకున్నదనుకో, మళ్ల మొదలువెట్టే ముందట మాత్రం చూడకుండ ఒక్కణ్ని గూడ లోపలికి తోలరు."

"పండుకుని లేచినంక," అంది యమున.

"ఆఁ, లేచినంకనే. ఫికర్ గప్పుడే ఉంటది."

యమున చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. ప్రాసెసర్ కునుకు నుంచి లేచిన ఆ ఒక్క క్షణంలో గడియారం చూస్తే చాలు! వెనకబడి ఉంటే ఇక దాన్ని నమ్మడం మానేసి, బోర్డు మీద ఉన్న ఉమ్మడి గడియారాన్ని అడగాలి. అది కాస్త నిదానం, కానీ అబద్ధమాడదు. నిద్రపోయినా గడియారం చెడని సర్వర్లకి ఏ బరువూ పడదు.

"ఏందే, తాగకుండనే లేస్తున్నవు?" అని సారవ్వ వెనకనుంచి అరుస్తూనే ఉంది.

ఈసారి పద్దెనిమిది వరసలే అయ్యాయి. ఉత్తరం తనే రాసింది, ఐదు వాక్యాలు. పెద్దమనిషి ఖాళీలు సరిగా వదల్లేదన్నాడు, ఒక పేరు మార్చమన్నాడు. మార్చి పంపింది. ఇంకో వారం చప్పుడు లేదు. ఆ వారంలోనే వేరే దేశపు దవాఖానలో సర్వర్లు చూసుకునే ఒకామె అదే లిస్టుకి ఉత్తరం రాసింది. తమ దగ్గర మందు రాయకముందే నర్సు మందు ఇచ్చినట్టు టైము పడుతోందని, ఏడాదిగా కారణం దొరక్క తల పట్టుకున్నామని, యమున పంపింది పెట్టుకోగానే కుదుటపడిందని. ఆ ఉత్తరం చూశాక పెద్దమనిషి ఒక్క మాట రాశాడు: తీసుకున్నాను.

అక్కడొక పద్ధతి ఉంది. దిద్దిన వాళ్ల పేరుతోపాటు, తప్పు మొదట చూసి చెప్పిన వాళ్ల పేరు కూడా రాస్తారు. యమున ఆలోచించకుండానే రాయమల్లు పేరు రాసి పంపేసింది. ఆయన ఈమెయిల్ ఏదని అడిగారు. ఆయనకి లేదని, ఆయన భూమి లోపల పనిచేస్తాడని జవాబిచ్చింది. పేరు ఒక్కటే ఉంచేశారు.

గోదావరిఖని సర్వర్‌లో కొత్తది పెట్టాక నెల రోజులు చూశారు. ఒక్క వరసా తప్పలేదు. పాతదానికి పొమ్మన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పైగా శ్రీరాంపూర్ గనులకి కూడా ఇదే పెట్టి రమ్మని యమునకి ఆర్డరు వచ్చింది. ఉమామహేశ్వర్ పద్దెనిమిది మంది నాగాలూ కొట్టేయించి, ఆ కాగితాలు తనే పట్టుకుని గని ఆఫీసుకి వెళ్లి సంతకాలు చేయించాడు.

ఆ సాయంత్రం యమున ఒక కాగితం ప్రింటు తీసి, క్యాంటీన్‌లో ఉన్న రాయమల్లుకి తీసుకెళ్లి ఇచ్చింది. పక్కనే కొమురెల్లి మిర్చి బజ్జీలు తింటున్నాడు.

"గిదేంది?"

"లినక్స్‌ల నీ పేరెక్కింది కాక. తప్పు చూసి చెప్పినోడివి నువ్వని. ఇంక ఎన్నేండ్లయినా ఉంటది."

రాయమల్లు చేతులు ప్యాంటుకి తుడుచుకుని కాగితం అందుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు. కొమురెల్లి మెడ సాచి తొంగిచూశాడు. రాయమల్లు వేలు ఒకచోట ఆగింది.

"నా పేర్ల ఎల్ ఒక్కటే ఉన్నదేంది బిడ్డా? రెండుండాలె గద?"

యమున నాలుక కరుచుకుంది. తొందరలో తనే తప్పు కొట్టింది. "ఒకసారి ఎక్కినంక మార్చరాదు కాక. ఏమనుకోకు."

"ఏమనుకుంట?" అన్నాడు రాయమల్లు. కాగితాన్ని మడత పడకుండా చుట్టి, హెల్మెట్ లోపల జాగ్రత్తగా పెట్టుకున్నాడు. "కంపెనీ సర్వీసు పుస్తకంల గూడ ఒక్కటే రాసిన్రు. ఇద్దరూ ఒక్కతీరుగ రాసిన్రంటె, తప్పు నాదేనేమో!"

కొమురెల్లికి బజ్జీ గొంతులో అడ్డం పడేంత నవ్వొచ్చింది. యమున అతని వీపు చరుస్తూ తనూ నవ్వింది. రాయమల్లు మాత్రం గంభీరంగా క్యాంటీన్ వాడిని పిలిచి మూడు చాయ్‌లు చెప్పాడు.