గ్యాసాయన పేరు మీద వచ్చిన మాటలు

కొత్త ఫోను చేతికొచ్చిన మూడు రోజుల నుంచీ అండాలమ్మకు మనుషులు అర్థం కావడం లేదు.

పాతదాని అద్దం పగిలితే కోడలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రిపేరు దుకాణంలో ఇచ్చింది. అతను పాత ఫోనులోని పేర్లూ నంబర్లూ కొత్తదానిలోకి ఎక్కించాడు. మొదటిరోజే అన్న కూతురు మాలతి "సిలిండర్ రేపొస్తది, ఇంట్ల ఉండు" అని మెసేజ్ పెట్టింది. వనస్థలిపురంలో పిల్లలకు లెక్కలు చెప్పే మాలతికి సిలిండర్లతో ఏం పని? గ్యాస్ వేసే యాదగిరి సంగతి ఇంకా విచిత్రం. "ఎట్లున్నవ్? తిన్నవా?" అని రాశాడు. మర్నాడు "మోకాళ్ల నొప్పి తక్కువైందా?" అన్నాడు. అండాలమ్మకు ఒళ్లు మండింది. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ జవాబు కొట్టింది: "నా సంగతి నీకెందుకు? నీ పని నువ్వు చూసుకో." బుధవారం పొద్దున అతని దగ్గర్నుంచి మరొకటి వచ్చింది గానీ కోపంతో తెరవలేదు.

ఆ రోజే పదకొండింటికి రాజమ్మ పేరు మీద మెసేజ్ వచ్చింది. "రెండింటికి ఒస్తున్న. ఆకలైతాంది. టమాట పప్పు చెయ్యి."

అండాలమ్మ మంచం మీద కూలబడింది. తను బడి ముఖం చూసిన మనిషి కాదు, నూలు కట్టల చీటీల మీద అక్షరాలు నేర్చుకుంది. చదవడంలో తప్పు పోయిందేమోనని నాలుగుసార్లు చదివింది. రాజమ్మే.

పోచంపల్లి పక్క ఊళ్లో ఇరవై ఏళ్లు ఒకే షెడ్డులో ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ, రంగులో ముంచితే పువ్వు పడేలా నూలుకు ముడులు కట్టారు. తొమ్మిదేళ్ల కింద మగ్గం అమ్మేసి మన్సూరాబాద్ వచ్చేటప్పుడు అండాలమ్మ ఆమెకు ఒక్క మాటైనా చెప్పలేదు. ఎవరైనా వెళ్లిపోతుంటే చూడలేకపోయేది, తను పోతూ ఒకరి ముఖం చూడలేకపోయేది. చిన్నప్పటి నుంచీ ఆ గుబులే. రాజమ్మ మాత్రం ఆ రోజును మరువలేదు. పోయినేడు ఒక పెళ్లిలో చుట్టాల ద్వారా ఒకరి నంబరు ఒకరికి చేరింది గానీ, ముందు మాట్లాడేదెవరు?

ఇన్నేళ్ల తర్వాత మొదటి మాటే పప్పు చెయ్యమనా! అండాలమ్మ నవ్వుకుంది, కళ్లు తుడుచుకుంది, టమాటాలు తరిగింది. బీరువాలోని మంచి చీర కట్టుకుని రెండింటికి తలుపు తీసింది.

గుమ్మంలో చీరల దుకాణం నుంచి అన్నానికొచ్చిన కోడలు సంధ్యారాణి.

"ఏందత్తమ్మా, గీ చీర కట్టినవ్? పెండ్లికా?"

"రాజమ్మ ఒస్తనన్నది బిడ్డా. పప్పు చెయ్యమన్నది."

"పప్పు చెయ్యమన్నది నేను గదా!" సంధ్యారాణి ఫోను అందుకుని చూసింది. "అగో, నా నంబర్ మీద రాజమ్మ పేరు పడ్డది. గా దుకాణపాయన అంతా గడబిడ చేసిండు. ఆదివారం మల్ల ఎక్కిపిద్దాం తియ్యి."

అండాలమ్మకు ప్రాణం ఉసూరుమంది. కానీ 'అంతా గడబిడ' అన్న మాట ఆమెకు మింగుడు పడలేదు. బట్టలో పువ్వు చెదిరితే నేతపని తెలిసినవాళ్లు అంతా తప్పనరు, ఎక్కడ జారిందో చూస్తారు. రంగు వేసిన నూలు చుట్టిన కండెలను వరుస తప్పకుండా వాడాలి. ఒక్క కండె తప్పిందంటే అక్కడి నుంచి పువ్వంతా ఒక్క పోగు పక్కకు జరుగుతుంది. అంతకు ముందు నేసింది మాత్రం చక్కగానే ఉంటుంది.

పేర్ల పట్టీ పైనుంచి చూసుకుంటూ వచ్చింది. కొడుకు అరుణ్‌కుమార్ నంబరు సరిగానే ఉంది. మట్టయ్య దగ్గర వేలు ఆగింది.

భర్త పోయి నాలుగేళ్లు. ఆయన నంబరు ఇంకెవరికో ఇచ్చారని తెలిసి ఆ నంబరు చెరిపేసింది గానీ పేరు చెరపడానికి చెయ్యి రాలేదు. ఖాళీగా ఉండాల్సిన ఆ పేరుకు ఇప్పుడు నంబరుంది. ఆ నంబరు నొక్కింది.

"ఏంది అత్తా, బడిల ఉన్న, జల్ది చెప్పు." మాలతి గొంతు.

"ఏం లేదు బిడ్డా. నువ్వేనా అని చూసిన." అండాలమ్మ ఫోను పెట్టేసి కోడలి చెయ్యి పట్టుకుంది. "మీ మామ పేరు ఖాళీ గదా, కింది నంబర్లన్ని ఒక్కొక్క మెట్టు పైకెక్కినయ్. మాలతి మీ మామ పేరుకొచ్చింది. గ్యాసాయన మాలతి పేరుకొచ్చిండు. గ్యాసాయన పేరుకు..."

"రాజమ్మ," అంది సంధ్యారాణి.

పొద్దున తెరవని మెసేజ్ తెరిచింది. "సరే అక్కా, నీ మనసు తెలిసింది. ఇయ్యాల ఎల్బీనగర్‌ల అయిదింటి బస్సుకు బిడ్డ దగ్గరికి భివండి పోతున్న. ఇగ రాను. నువ్వు పోయినట్టు చెప్పకుంట పోవద్దనుకున్న, అంతే."

ఆ నంబరుకు రెండుసార్లు ఫోను చేసింది. రెండుసార్లూ అవతల కట్ చేశారు.

"ఎత్తదు. నేనైనా ఎత్తను," అంది అండాలమ్మ. "ఆటో పిలువు బిడ్డా."

ఎల్బీనగర్‌లో భివండి బస్సు పక్కన మూటలు కాపలా కాస్తూ నిలబడి ఉంది రాజమ్మ. జుట్టంతా తెల్లబడింది. అండాలమ్మను చూడగానే మొహం తిప్పుకుంది.

"నా పని నేను చూసుకుంటున్న గదా. మల్లెందుకొచ్చినవ్?"

"గది నీకు రాయలేదే! గ్యాసాయనకు రాసిన."

"గ్యాసాయనకెందుకే రాసినవ్?"

"నా మోకాళ్లెట్లున్నయని అడిగిండు."

రాజమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, మూట మీద కూలబడి నవ్వింది. చెప్పాల్సినదంతా చెప్పించుకుంది, సగంలో మళ్ళీ నవ్వింది. "గంతేనా? నేను నిన్నటి నుంచి ఏడుస్తున్ననే, పాపిష్టిదానా!"

డ్రైవరు హారన్ కొట్టాడు. అండాలమ్మ కాళ్లు అలవాటుగా వెనక్కి తిరగబోయాయి. ఆటో అక్కడే ఉంది. ఆమె రాజమ్మ మోచెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ ముఖంలోకి చూస్తూ అంది:

"అప్పుడు చెప్పకుంట ఒచ్చిన. తప్పు నాదే. పోయిరా రాజమ్మా."

"పోయొస్త అక్కా."

ఇద్దరూ ఏడ్చారు. కళ్లు తుడుచుకుని చూస్తే బస్సు కదలలేదు. డ్రైవరు దిగి చాయ్ బండి దగ్గరికి పోయాడు.

"ఇంక ఇర్వై నిమిషాలు," అన్నాడు క్లీనరు.

రాజమ్మ మూట మీద పక్కకు జరిగి చోటిచ్చింది. "కూసో. చెప్పుడైతే అయిపోయింది, ఇగ ముచ్చట పెట్టు."

"మీ బిడ్డ ఇల్లు ఎన్నో అంతస్తు?"

"నాలుగు."

"లిఫ్టున్నదా?"

"ఉన్నదట. ఎప్పుడన్న నడుస్తదట."