శక్తి అన్న మాట

ఆదివారం ప్రార్థన అయ్యాక మెర్సీ నోట్సు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పెంటపాడులో నా దగ్గర జీవశాస్త్రం చదువుకున్న పిల్ల. ఇప్పుడు ఏలూరులో నర్సింగ్ రెండో సంవత్సరం.

"రేపు క్లాసులో ఈ పాఠం తెలుగులో చెప్పాలండి. పేషెంటుకి చెబుతున్నట్టు చెప్పమన్నారు మేడం. ఒకసారి చూస్తారా మాస్టారూ?"

మనల్ని కాపాడవలసిన కణాలు మన అవయవాలనే పరాయివనుకుని దెబ్బతీయడం గురించి రాసుకుంది. లూపస్ అన్న పేరు దగ్గర ఆగాను. నా భార్య కామేశ్వరి పోయి ఎనిమిది నెలలు. ఆ జబ్బు పేరు నేను అప్పటినుంచి పైకి అనలేదు.

'ఈ మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి' అన్న వాక్యం కింద గీత గీశాను.

"తప్పాండి?"

"తప్పు కాదు. కానీ శక్తి తగ్గుతుందంటే ఎవరు మింగుతారమ్మా? దారితప్పిన దాడిని అదుపు చేస్తాయని రాయి."

మెర్సీ పెన్ను తీయలేదు.

"పోయిన ఆదివారం ఇంట్లో ఇది పైకి చదివానండి. అమ్మ పక్కనే చేపలు తోముతోంది."

వాళ్ళమ్మ మార్తమ్మకూ లూపసే. రెండేళ్ళుగా రోజూ స్టెరాయిడ్ మాత్ర వేసుకుంటోంది.

"మాత్రలు వేసుకుంటోందా?"

"వేసుకుంటున్నాననే అంటుందండి. పొద్దున రెండుసార్లు వాంతయింది. ఎండకనుకున్నాను."

నేను చెప్పులు వేసుకున్నాను.

మూడు వీధుల అవతల ఇల్లు. మార్తమ్మ మంచం మీద ఉంది. నన్ను చూసి లేవబోయి, కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. మెర్సీ మందుల డబ్బా తెరిచింది. వారం కిందట తను తెచ్చిన అట్టలో ఒక్క మాత్రా తగ్గలేదు.

"ఏడు రోజులమ్మా," అంది.

"నువ్వే చదివావు కదే, శక్తి తగ్గుతుందని. అసలే నీరసం, ఉన్నది కూడా పోగొట్టుకోమంటావా? తిప్పతీగ రసం తాగుతున్నాను. కరోనాకి ఊరంతా తాగలేదేంటి?"

"ఆటో పిలుస్తాను. గూడెం ఆసుపత్రికి వెళదాం," అంది మెర్సీ.

"మాత్ర వేసుకుంటాలే. దానికి గూడెం ఎందుకు? రేపు పాఠం చెప్పాల్సింది క్లాసులోనా, నాకా?"

"అన్నాళ్ళు వాడి ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోతుందమ్మా. వాంతిలో మాత్ర నిలవదు. ఇంజెక్షన్ చెయ్యాలి, సెలైన్ పెట్టాలి."

"మాస్టారండీ, మీరైనా చెప్పండి దీనికి."

చెప్పాను.

"మా ఇంట్లోనూ ఇలాగే మానేసింది మార్తమ్మా. మొహం ఉబ్బుతోందంది. నాలుగు రోజులు చూద్దాం అన్నాను నేను."

"ఆవిడ జ్వరంతో పోయారన్నారు కదండీ."

"నేనే అలా చెప్పాను."

మార్తమ్మ కొంతసేపు నా వైపు చూడలేదు. మెర్సీ కూడా.

"ఆ చీర అందుకోవే," అంది చివరికి. "ఈ నైటీతో గూడెం రాను."

ఆటోలో మెర్సీ తల్లి మణికట్టు వదలలేదు. పెదవులు కదుపుతూ నాడి లెక్కపెడుతోంది. గుంటలు వచ్చినప్పుడల్లా లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టింది. సగం దారిలో మార్తమ్మ మాట్లాడటం మానేసింది. మెర్సీ పిలిచినప్పుడు మాత్రం "ఊఁ" అంటోంది.

ఆసుపత్రిలో పై బీపీ డెబ్బై ఉంది. ఇంకో పూట ఆగితే కష్టమయ్యేదన్నారు డాక్టరు. ఇంజెక్షన్ చేశారు, సెలైన్ పెట్టారు.

గంట తర్వాత నర్సు చూసి తొంభై అంది. మెర్సీ ఆవిడ్ని అడిగి మిషన్ తీసుకుని, తనే మళ్ళీ చూసింది.