తొట్టె నీళ్ళ వేడి

మా ఆయన హరిబాబు రోజూ సాయంత్రం ఫోన్ చేసి నీళ్ళ వేడి ఎంతుందో చెప్తాడు. నేనెలా ఉన్నానో అడగడు, తనెలా ఉన్నాడో చెప్పడు. "బాగున్నావా" అనాల్సిన చోట "ఇరవై తొమ్మిదిన్నర" అంటాడు.

కర్ణాటకలో మస్కి దగ్గర, ఆంధ్రా రైతులు కట్టుకున్న క్యాంపులో మా ఇల్లు. తుంగభద్ర కాలవ నీళ్ళు చూసి మామగారి కాలంలో కోస్తా నుంచి వచ్చి వరి వేసుకున్న కుటుంబం. నేను బాపట్ల దగ్గర సముద్రం పక్కన పుట్టి, పెళ్ళితో ఆ నల్లరేగడిలోకి వచ్చి పడ్డాను. సముద్రం మీద బెంగ పెట్టుకున్నానని ఆయనే హాల్లో ఉప్పునీళ్ళ అద్దాల తొట్టె కట్టించాడు. బెంగళూరు నుంచి రెండు నారింజ రంగు చేపల్నీ, పుట్టగొడుగులా మెత్తగా ఉండే, ప్రాణమున్న ఒక పగడాన్నీ తెప్పించాడు. పగడానికి ఎండలాంటి వెలుతురు కావాలి. రాయచూరులో ఒక బట్టల కొట్టువాళ్ళు ఎల్ఈడీలు బిగించుకుని, తీసి పక్కన పడేసిన మెటల్ హాలైడ్ దీపాలు రెండు పట్టుకొచ్చాడు. పాత తలుపు చెక్కలతో వాటికి ఒక పెట్టె చేసి తొట్టె మీద బోర్లించాడు. దాన్ని మేం టోపీ అనేవాళ్ళం.

ఆ దీపాలు వెలిగితే తొట్టె అడుగున ఇసుక మీద వెలుగు గీతలు కదిలేవి. మా ఊళ్ళో మిట్టమధ్యాహ్నం మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కిందికి చూస్తే అచ్చం అలాగే ఉంటుంది. వాటితో బాధల్లా వేడే. అసలే మస్కి ఎండలు, దానికి తోడు టోపీలో కోడిగుడ్డు పెడితే ఉడుకుతుందేమో అన్నంత సెగ.

ఈ ఎండాకాలం మొదట్లో చుట్టాలందరి ముందూ మాటా మాటా పెరిగింది. కరెంటు పోతే మనుషులు విసనకర్రతో సరిపెట్టుకోవచ్చు, ఇన్వర్టర్ మాత్రం తొట్టెకే పెట్టాలన్నాను. "ఆ తొట్టె మీదున్న ధ్యాస ఇంట్లో మనిషి మీద లేదు," అన్నాడు. అయితే పుట్టింటికి పోతానన్నాను. వద్దంటాడనుకున్నాను. "వెళ్ళు," అన్నాడు. వచ్చేశాను. వెళ్ళమన్న నోటితోనే రమ్మనాలి, అప్పటిదాకా ఆ గడప తొక్కేది లేదని మా అన్నయ్యతో గట్టిగా చెప్పేశాను కూడా. నాకు కాస్త నోరెక్కువ.

ఇప్పుడు అసలు సముద్రం అన్నయ్య ఇంటికి నడిచేంత దూరంలో ఉంది. రోజూ వెళ్ళి కూర్చుంటున్నాను. ఇన్ని నీళ్ళు నేనేం చేసుకోను? నాకు ఆ చిన్న తొట్టె ముందు, చాప మీద, ఆయన పక్కన కూర్చోవాలనుంది. పొలం నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా "చేపలు తిన్నాయా?" అని వంగి చూసే ఆ మనిషి కావాలి.

"ఇవాళ ముప్పై," అన్నాడు ఒకరోజు. "రెండు ఫ్యాన్లూ తిరుగుతూనే ఉన్నాయి. ఏం చెయ్యమంటావు?"

ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఉక్కపోస్తే మనం ఫ్యాన్ మొహం మన వైపు తిప్పుకుంటాం చూడండి, ఆయన కూడా అలాగే టోపీకి రెండు ఫ్యాన్లనీ లోపలికి ఊదేట్టు బిగించాడు. వేడిగాలికి బయటికి దారి లేదు. ఒకదాన్ని తిప్పి బిగిస్తే అది వేడిని లాగేస్తుంది, నీళ్ళు చల్లబడతాయి. కానీ ఆ ఒక్క ముక్కా చెప్పేస్తే రేపు ఆయన ఏం వంక పెట్టుకుని ఫోన్ చేస్తాడు?

"సీసాలో నీళ్ళు గడ్డకట్టించి తొట్టెలో తేల్చండి. మధ్యాహ్నం పూట ఒక దీపం ఆర్పెయ్యండి," అన్నాను. పగడం చావకూడదు, ఫోనూ ఆగకూడదు.

"ఆవిరైపోయిన నీళ్ళ బదులు?"

"మంచినీళ్ళే పొయ్యండి. ఉప్పునీళ్ళు పోసేరు, ఉప్పెక్కువైపోతుంది."

వెనక ఫ్యాన్ల రొద వినిపిస్తోంది. రమ్మనే మాట ఆయన గొంతుదాకా వచ్చిందనే అనుకున్నాను. "సరే, ఉంటా," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది.

ఆ పైన కూడా ముప్పై, ముప్పై, ముప్పై. నేను చెప్పినవన్నీ చేస్తున్నానంటాడు, వేడి మాత్రం దిగదు. పగడం ఏమైపోతుందోనని నాకు నిజంగానే భయం పట్టుకుంది. ఇక బింకం చాలు, ఇవాళ ఫ్యాన్ సంగతి చెప్పేద్దామనుకున్న రోజు పొద్దున్నే మా అత్తగారు లక్ష్మీతిరుపతమ్మ ఫోన్ చేసింది.

"అమ్మాయ్, ఆవకాయ జాడీ మూత ఎక్కడ పెట్టావే?"

చెప్పాను. చెప్పి, "తొట్టెలో నీళ్ళు బాగా కాగుతున్నాయంటగా అత్తయ్యా," అన్నాను.

"కాగడమేంటే? శుభ్రంగా చల్లగా ఉన్నాయి. వంటింట్లో పొగ లాగే ఫ్యాన్ చూసి, వాడే ఒకదాన్ని తిప్పి బిగించాడు. అప్పట్నించీ ఇరవై ఏడు దాటట్లేదని రోజూ నన్ను పిలిచి చూపిస్తాడు. నీకు చెప్పలేదూ?"

ఫోన్ పెట్టేసి వంటింటి గట్టు మీద కూర్చుండిపోయాను. ముందు కోపమొచ్చింది, నా దగ్గర అబద్ధమా అని. ధాన్యం కొనేవాళ్ళు వస్తే గింజలో తేమ ఎంతుందో ఉన్నదున్నట్టు చెప్పేసి, వాళ్ళమ్మ చేత తిట్లు తినే మనిషి. పక్కింటి వాళ్ళకి కూడా అబద్ధం చెప్పడం రాదు. అలాంటి వాడు రోజూ సాయంత్రం ఇరవై ఏడును ముప్పై చేసి, నేను చెప్పే వైద్యం బుద్ధిగా వింటున్నాడు. కోపం ఎటుపోయిందో తెలియదు. నవ్వుతూ ఏడుస్తుంటే అన్నయ్య వచ్చి ఏమైందని అడిగాడు. పొగ అన్నాను.

సాయంత్రం ఫోన్ మోగీ మోగకముందే తీశాను.

"ముప్పై," అన్నాడు.

"అయ్యో! సీసా వేశారా?"

"వేశాను."

"దీపం ఆర్పారా?"

"ఆర్పాను. తగ్గట్లేదు."

"ఇంక ఫోన్లో చెప్తే అయ్యే పని కాదండీ. ముప్పై ఒకటి దాటిందంటే పగడం బతకదు. అప్పుడు నేనే వచ్చి చూసుకోవాలి."

అటు ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

"ఉండు, మళ్ళీ చూసొస్తా," అన్నాడు. ఎక్కడికీ వెళ్ళలేదు, ఫోన్లో ఆయన ఊపిరి నాకు వినబడుతూనే ఉంది.

"ముప్పై రెండు, రమ్యా," అన్నాడు.