కానుకల పెట్టె

గుట్టపాడు క్రైస్తవ పాళెంలో ఓటున్నవాళ్లు ఇరవై ఇద్దరు. అందులో ఏసన్న ఒకడు. మిగతా ఇరవై ఒక్క మందికీ ఓటు వేయడం నేర్పినవాడు కూడా ఏసన్నే. వారం రోజులూ బడిపంతులు, ఆదివారం వాక్యం చెప్పే ఉపదేశి. పాళెంలో పెద్దవాళ్లలో అక్షరం ముక్క వచ్చినవాడు ఆయనొక్కడే.

పాళేనికి కావలసింది ఒక్కటే, మంచినీళ్ల బావి. ఊరి బావిలో చేద వేసే భాగ్యం వాళ్లకు ఏ కాలంలోనూ లేదు. మైలు దూరంలో ఉన్న వంకలో ఇసుక తోడి, చెలమ ఊరేదాకా కూర్చుని, ముంతతో కడవ నింపుకోవాలి. ఎండాకాలం ఆ చెలమ కూడా ముఖం చాటేస్తుంది. తవ్వుకోవడానికి ఒళ్లు వంగదా అని ఊళ్లోవాళ్లు ఎద్దేవా చేసేవారు. రెండుసార్లు తవ్వారు. రెండుసార్లూ రెండు నిలువుల లోతున నాపరాయి అడ్డుపడింది. దాన్ని తూటాలు పెట్టి పేల్చాలి. తూటాలు కావాలంటే జిల్లా బోర్డు కరుణించాలి.

బోర్డు మెంబరు కంబగిరి రెడ్డి పన్నెండేళ్లుగా కరుణిస్తానని చెబుతూనే ఉన్నాడు. పాళెంలో సగం మంది ఆయన చేలే గుత్తకు చేసుకుంటారు. పోయిన ఎన్నికలప్పుడు చదువురానివాళ్లు తమకు కావలసిన పేరు అధికారికి నోటితో చెప్పాలి. అధికారి పక్కనే రెడ్డి మనిషి మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. మారెన్న అనే అమాయకుడు వేరే పేరు చెప్పాడు. ఉగాదికి అతని గుత్త చేను పోయింది. ఆ వెనకాలే పెళ్లాం బిడ్డలతో అతనూ ఊరొదిలి పోయాడు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

ఈసారి పద్ధతి మారింది. ఓటరుకు ముద్ర వేసిన కాగితం ఒకటిస్తారు. తెర చాటున రెండు పెట్టెలుంటాయి. ఎర్రది కంబగిరి రెడ్డిది, తెల్లది ఆయన మీద పోటీకి దిగిన మద్దిలేటి రెడ్డిది. నచ్చినదాంట్లో కాగితం వేసి రావడమే, నోరు విప్పే పని లేదు. ఈ పద్ధతి మీద సంతలో, కచేరీ అరుగుల మీద రెండు వర్గాలూ కొట్టుకోవడమే తక్కువ. చదువురానివాళ్లకు కాగితమిస్తే బయటికి తెచ్చి అమ్ముకుంటారని కంబగిరి వర్గం. నోటితో చెప్పించడమంటే గొంతు మీద కత్తి పెట్టడమేనని మద్దిలేటి వర్గం. ఎవరి వాదం వాళ్ల కుర్చీ కోసమే. పాళెంలో వాళ్లు గొంతెండి చస్తున్నారన్న మాట ఆ అరుగుల మీద ఒక్కడూ ఎత్తలేదు.

అయినా మద్దిలేటి రెడ్డి ఒక మాట ఇచ్చాడు. తాను గెలిస్తే మొదటి తూటా పాళెంలోనే పేలుతుందని కాగితం రాసి ఏసన్న చేతిలో పెట్టాడు. ఏసన్న దాన్ని బైబిలులో దాచుకున్నాడు.

ఇక నెల రోజులు ఆరాధన అయిపోగానే ఓటు పాఠమే. బడీ, గుడీ ఒకటే గది. గోడ గూట్లో తెల్ల గుడ్డ కప్పిన కానుకల పెట్టె ఉండేది. చేతికందే పెట్టె మరొకటి లేక ఏసన్న దాన్నే చూపించాడు.

"ఇదే తెల్ల పెట్టె అనుకోండి. కాగితం నాలుగు మడతలు పెట్టాల. ఎవురూ సూడరు, ఎవురికీ జెప్పే పన్లేదు. ఇందులో ఏసి బయటికొచ్చేయాల."

చిత్తుకాగితం ముక్కలు పట్టుకుని ఒక్కొక్కరూ వచ్చి వేసేవారు. ముసలి రాహేలమ్మకు చేతులు వణికేవి. మొదట్లో మడత కుదరక విసుక్కునేది. నాలుగో ఆదివారానికి అందరికంటే చక్కగా మడిచింది.

ఎన్నిక ఆ బడిలోనే జరిగింది. అధికారి వచ్చి గూడున్న మూలకే తెర కట్టించి, బల్ల మీద రెండు పెట్టెలు పెట్టించాడు. గూట్లోదాన్ని ఒకసారి చూసి, బడి సామానేమోనని వదిలేశాడు. మొదటి ఓటు ఏసన్నదే. బల్ల మీది తెల్ల పెట్టెలో కాగితం వేసి వచ్చేశాడు. గూటి వైపు ఆయన చూపు పోలేదు. రోజూ కళ్లెదుట ఉండేదాన్ని ఎవరు చూస్తారు?

తర్వాత ఆయన్ను లోపలికి రానివ్వలేదు. ఎండలో నిలబడి తనవాళ్లు ఒక్కొక్కరే వచ్చేది చూశాడు. రాహేలమ్మ నవ్వుకుంటూ వచ్చింది.

"ఏసినా నాయనా. నువ్వు జెప్పినట్టే నాలుగు మడతలు."

"తెల్లదాంట్లోనేనా అవ్వా?"

"తెల్లదాంట్లోనే. కండ్లకద్దుకోని ఏసినా."

ఏసన్న గుండె నిండిపోయింది. ఆ సాయంత్రం పాళెంలో ఆడవాళ్లు బావికి తావు కూడా చూసిపెట్టుకున్నారు.

నాలుగో రోజున తాలూకా కచేరీలో లెక్కించారు. మద్దిలేటి రెడ్డి తొమ్మిది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఇచ్చిన కాగితాల్లో ఇరవై ఒకటి పెట్టెల్లో లేవు. అమ్ముకున్నారు చూశారా అని ఒక వర్గం, దొంగిలించారని ఇంకో వర్గం. కచేరీలో కుర్చీలు లేచాయి.

ఆ ఆదివారం కానుకల పెట్టె తెరిచే వారం. ఏసన్న గుడ్డ తీసి మూత ఎత్తాడు. ముద్ర కాగితాలు, నాలుగేసి మడతలతో. ఒకదాంట్లో చారెడు జొన్నలు కూడా పొట్లం కట్టి ఉన్నాయి. ప్రతి పంటకూ తొలి గింజలు అలా పొట్లం కట్టి తెచ్చేది రాహేలమ్మ ఒక్కతే. బల్ల మీది పెట్టె పది ఊళ్లు తిరిగి మట్టికొట్టుకుపోయిన తెలుపు. గూట్లోది, గుడి ఊడ్చే విశ్వాసమ్మ ప్రతి శనివారం ఉతికి కప్పే తెలుపు. నెల రోజులు వేలు పెట్టి చూపించింది తనే.

భార్య కృపమణి కాగితాలు చూసి తలుపు మూసింది. "పొయ్యిలో బెట్టండి. ఎవురికి దెలుస్తాది?"

"ఇవి లెక్కబెడితే మద్దిలేటి రెడ్డి పన్నెండోట్లతో గెలుస్తాడు కృపా. బావొస్తాది."

ఆ ఆశ ఒక్కటే ఆయన్ను ఎనిమిది మైళ్ల దూరంలోని తాలూకా కచేరీదాకా నడిపించింది. అధికారి కాగితాలు తిప్పి తిప్పి చూశాడు. ఆయన మంచివాడే, అదే ఇంకా బాధ.

"పెట్టెలో పడని కాగితం ఓటు గాదయ్యా పంతులూ."

"పెట్టెలోనే పడినాయి సార్."

"సర్కారు పెట్టెలో," అన్నాడు అధికారి.

కబురు గంటలో పాకింది. కంబగిరి వర్గానికి పండగే. చదువురానివాళ్లకు కాగితమిస్తే ఏం చేస్తారో చూడండని ఆ ఇరవై ఒక్క కాగితాలనూ అర్జీకి జతచేయించి పైకి పంపారు. మద్దిలేటి రెడ్డి ఏసన్నను కచేరీ మెట్ల మీదే నిలదీశాడు.

"ఎంతకు అమ్ముడుపోతివప్పా? కావాలనే ఆ పెట్టె ఆడ బెట్టినావు గదా?"

"దేవుని తోడు, తప్పు నాదే గానీ మోసం గాదు రెడ్డీ."

"నా కాగితం ఇట్లా తే."

ఏసన్న బైబిలు తెరిచి ఇచ్చాడు. రెడ్డి దాన్ని నాలుగు ముక్కలు చేసి పోయాడు.

పాళెంలో అందరినీ పిలిచి ఏసన్న జరిగింది చెప్పాడు. ఎవరూ తిట్టలేదు. తిడితే బతికిపోయేవాడు. రాహేలమ్మ అడిగింది.

"నువ్వు జూపిచ్చిన పెట్టెలోనే గదా నాయనా మేం ఏసింది?"

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. ఏసన్న గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

మళ్లీ ఎన్నికలొచ్చేసరికి ఉత్తర్వు వచ్చింది. గుట్టపాడులో చదువురానివాళ్లు పేరు నోటితోనే చెప్పాలి. చదువొచ్చినవాళ్లు కాగితం మీద గుర్తు పెట్టవచ్చు. చోటు కూడా బడి కాదు, ఊరి మునసబు చావడి. కంబగిరి రెడ్డి గోడ వారగా మంచం వేయించుకుని కూర్చున్నాడు. మద్దిలేటి రెడ్డి మళ్లీ నిలబడ్డాడు గానీ పాళెం వైపు తొంగి చూడలేదు.

పాళెం వాళ్లు వాకిట్లో వరసగా నిలబడ్డారు. ముందు ఏసన్న, వెనక రాహేలమ్మ. కంబగిరి రెడ్డి దగ్గర ఆమెకున్న గుత్త చేను గడువు ఆ ఉగాదితో తీరుతుంది.

అధికారి కాగితం, పెన్సిలు ముందుకు జరిపాడు. "మీరు పంతులు గదా. గుర్తు పెట్టండి."

ఏసన్న కాగితం వంక చూశాడు. పాళెంలో కాగితం పట్టేది తనొక్కడే. ఆ ఒక్క కాగితం ఎవరిదో ఎవరికి తెలియదు? వెనక రాహేలమ్మ తన భుజం మీదుగా తొంగి చూస్తోంది, ఆదివారాల్లో చూసినట్టే, ఆయన ఎలా చేస్తే అలా చేయడానికి.

పెన్సిలు పక్కన పెట్టాడు.

"నాకు సదువు రాదు సార్," అన్నాడు. "కంబగిరి రెడ్డికి."

మంచం పక్కన ఎవరో కిసుక్కున నవ్వారు. రాహేలమ్మ ముందుకు వచ్చి, ఆయన చెప్పిన మాటనే ఒక్క అక్షరం తప్పకుండా చెప్పింది. ఏమప్పా, సరిగ్గా జెప్పినానా అన్నట్టు ఆయన ముఖంలోకి చూసింది. ఏసన్న తల ఊపాడు. చావడి బయట ఆమె పెట్టి వచ్చిన ఖాళీ కడవ ఉంది. దాన్ని చంకకెత్తుకుని చెలమలున్న వంక దారి పట్టింది.