వెనక్కి జరిగే మేడ

వరంగల్ స్టేషన్ రోడ్డులో సాంబమూర్తి మేడ కింద యాదవ్వ జంపఖానాలు అమ్ముతుంది. రోజూ పొద్దున్నే చెక్క తలుపులు తీసి, మెట్ల మీద నీళ్లు చల్లి, గుమ్మానికి కొత్త సరుకు వేలాడదీస్తుంది.

మేడ నిజాం కాలంనాటిది. డంగు సున్నం గోడలు, టేకు దూలాలు, ముందంతా కమాన్లు. కట్టినప్పుడు ఇంత లోపలికి లేదు. ఎడ్లబండ్లకు దారి ఇరుకైందని ఒకసారి, బస్సులు తిరగడం మొదలయ్యాక మరోసారి తనే వెనక్కి జరిగింది. అప్పుడల్లా కిరాయిదార్లు గోడల మీది పటాలు దింపి, అది కదలడం అయిపోయాక మళ్లీ తగిలించుకునేవాళ్లు.

ఈ ఎండాకాలం రోడ్డు ఇంకా వెడల్పు చేయాలని మునిసిపాలిటీ వాళ్లు కమాన్ల మీద ఎర్ర గీతలు గీసిపోయారు. మేడ వెనక ఇక మిగిలింది ఒక్క రేకుల కొట్టమే. అందులో యాదవ్వ భర్త ఎల్లస్వామి గుంట మగ్గం ఉంది. గల్లీ చీకట్లో నేసే మనిషిని వెతుక్కుంటూ ఎవరొస్తారు? దుకాణంలో కూడా మరమగ్గాల సరుకే పోతోంది. ఎలాగూ కొట్టం పోతుంది కదా, మగ్గం విప్పేసి భివండిలో మరమగ్గాల పనికి పోతానని ఎల్లస్వామి రైలు టికెట్ తీసుకున్నాడు. ఆగమని ఏ మొహంతో చెప్పాలో యాదవ్వకు తోచలేదు.

ప్రయాణం రోజు పొద్దున సాంబమూర్తి వచ్చి, మగ్గం తీసేదాకా మేడ కదిలేటట్టు లేదన్నాడు. ఎల్లస్వామి గడ్డపార పట్టుకొని కొట్టంలోకి పోయాడు. ఎంతసేపటికీ చప్పుడు లేకపోతే యాదవ్వ వెళ్లి చూసింది. అతను గుంట గట్టు మీద ఊరికే కూర్చొని ఉన్నాడు.

“ఇప్పుతలేవా?”

“సగం నేసిన జంపఖాన ఉన్నది. నడుమల కొయ్యబుద్ధయితలేదు.”

“అయితె కొయ్యకు. రా, బువ్వ తిను.”

ఇద్దరూ దుకాణంలో తింటుండగా నేల సన్నగా అదిరింది. యాదవ్వ కూరగిన్నె పట్టుకుంది. మేడ మెల్లగా వెనక్కి జరిగింది. కొట్టం దాకా వచ్చాక, బురదలో చీరె కుచ్చిళ్లు ఎత్తుకున్నట్టు వెనకగోడ అంచు ఎత్తి, రేకుల్ని పక్కకు నెట్టి, మగ్గాన్ని లోపలికి తీసుకుంది. వాళ్లు చేతులు కడుక్కునేసరికి మగ్గం గుంటతో సహా దుకాణం నడుమ ఉంది.

సాంబమూర్తి తొంగిచూసి, జాగా మంచిగ కలిసొచ్చిందని చెప్పి మేడెక్కాడు.

కమాన్ల లోంచి వెలుతురు పడుగు మీద పడుతోంది. స్టేషన్‌కు పోతున్న ఒకామె సంచీ కింద పెట్టి, సగం నేసిన ఆ రంగుల్ని చూస్తూ నిలబడింది.

“ఎవలు నేస్తరమ్మా?” అని అడిగింది.

యాదవ్వ భర్త వైపు చూసింది. ఎల్లస్వామి మెల్లగా గుంటలోకి కాళ్లు దించాడు.

సాయంత్రం స్టేషన్‌లో అతని రైలు కూత వేసింది. ఎల్లస్వామి తలెత్తి విన్నాడు.

“యాదవ్వా, ఆ ఎర్ర నూలు జర ఇటియ్యి” అన్నాడు.